సొంత పాట మొదలవగానే జనం ఫోన్లు తీస్తున్నారు: ఒక చిన్న తెలుగు బ్యాండ్ లైవ్ సౌండ్ కేస్ స్టడీ

నేను లైవ్ సౌండ్ ఇంజినీర్‌ని. అయినా ఈ బ్యాండ్ నన్ను పిలిచింది సౌండ్ కోసం కాదు. వాళ్ల లెక్కలో సౌండ్ బాగానే ఉంది. ఐదుగురు: పాడే అమ్మాయి, లీడ్ గిటార్, బాస్, కీబోర్డ్, డ్రమ్స్. నలుగురికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. డ్రమ్మర్ ఒక్కడే పూర్తిగా సంగీతం మీద బతుకుతున్నాడు, మిగతా రోజుల్లో పిల్లలకు పాఠాలు చెబుతాడు. శుక్ర, శనివారాల్లో గచ్చిబౌలి, కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు బ్రూవరీల్లో వాయిస్తారు. రెండు సెట్లు, ఒక్కోటి ముప్పావు గంట. ఇరవై పాటల్లో ఆరు సొంతవి, మిగతావన్నీ సినిమా పాటలు.

సినిమా పాట ఎత్తుకుంటే హాలంతా గొంతు కలుపుతుంది. సొంత పాట మొదలైతే సగం మంది బార్ కౌంటర్ వైపు లేస్తారు, మిగతా సగం ఫోన్లు తీస్తారు. ఒక చోట మేనేజర్ మర్యాదగానే చెప్పాడట, "సొంత పాటలు రెండుకి తగ్గించండి బ్రో, టేబుల్స్ ఖాళీ అవుతున్నాయి" అని.

వాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగింది, ఆ ఆరు పాటలు విని లోపం ఎక్కడుందో చెప్పమని. ట్యూన్ మార్చాలా, టెంపో పెంచాలా, మాటలు తేలిక చేయాలా? పాటలు రాసేది బాస్ వాయించే అబ్బాయి. అప్పటికే రాయడం మానేద్దామా అనే దాకా వెళ్లాడు.

నాకు తిండి పెట్టేవి సంగీత్ ఫంక్షన్లు, కార్పొరేట్ ఈవెంట్లు. చిన్న బ్యాండ్లకు చేసేది ఇష్టం కొద్దీ. వీళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేర్లూ చోట్లూ తీసేశాను. ఇంట్లో చేసుకున్న డెమోలు హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. పాటలు బాగున్నాయి. అన్నీ కాదు గానీ, నాలుగు మాత్రం నిజంగా బాగున్నాయి. అందుకే ట్యూన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక షో చూస్తానన్నాను.

అద్దాల గది

నేను షో చూడటానికి వెళ్లిన బ్రూవరీలో అంతకుముందు షోలు టెర్రస్ మీద జరిగేవి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఆడిటోరియం, బాంక్వెట్ హాల్ లాంటి మూసిన చోట్ల లోపలికి సరిపడా పెట్టుకోవచ్చు. మన దగ్గర వీకెండ్ జనం తొమ్మిది దాటితే గానీ చేరరు. పదింటికే ఆగిపోయే షో ఓనర్‌కి గిట్టదు. అలా బ్యాండ్ టెర్రస్ మీద నుంచి కింది అంతస్తుకు దిగింది.

టెర్రస్ మీద డ్రమ్స్ మోత ఆకాశంలోకి పోయేది. ఇక్కడ రెండు వైపులా నేల నుంచి కప్పు దాకా అద్దం, కింద టైల్స్, పైన ప్లాస్టరింగ్ లేని కాంక్రీట్, దాని కింద ఏసీ డక్టులు. డ్రమ్ కిట్ సరిగ్గా ఆ రెండు అద్దాలు కలిసే మూలలో పెట్టారు. ఫొటోలకు బాగుంటుంది. శబ్దానికి అంతకంటే చెడ్డ చోటు ఆ గదిలో లేదు. స్పీకర్లు టేబుళ్లకు అడ్డం వస్తాయని మైకుల కంటే వెనక గోడకు బిగించారు. అంటే స్పీకర్లోంచి వచ్చిన గొంతు ముందు మళ్లీ మైకులోకే వెళుతుంది, తర్వాతే జనం దగ్గరికి.

మిక్సర్ పక్కన ర్యాక్‌లో 31 స్లైడర్ల గ్రాఫిక్ ఈక్యూ ఉంది, ఒక్కో స్లైడర్ ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచడానికి, తగ్గించడానికి. మిగతా స్లైడర్లన్నీ అటూ ఇటూగా మధ్యలో ఉన్నాయి. 2.5 కిలోహెర్ట్జ్, 3.15, 4, ఈ మూడు మాత్రం అడుగుకు లాగేసి ఉన్నాయి. వాటి మీద మాస్కింగ్ టేప్ అతికించి స్కెచ్ పెన్‌తో "కదపొద్దు" అని రాశారు. టేప్ అంచులు దుమ్ముపట్టి నల్లబడ్డాయి, అక్షరాలు వెలిసిపోయాయి. ఎవరు రాశారని అడిగితే ఇప్పుడున్న కుర్రాడికి తెలియదు. తను చేరేసరికే అలా ఉందన్నాడు.

కేసు సగం అక్కడే తెలిసిపోయింది. అయినా నా అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలి కదా.

రెండు పరీక్షలు

మొదటిది మాటల పరీక్ష. ఆ రాత్రి షోని స్టేజీ ముందు, హాల్ మధ్యలో, వెనక బార్ దగ్గర చిన్న రికార్డర్లతో రికార్డ్ చేశాను. మర్నాడు నా అసిస్టెంట్‌ని కూర్చోబెట్టాను. అతను ఈ బ్యాండ్ పాటలు ఎప్పుడూ వినలేదు. హాల్ మధ్యలో రికార్డయింది వినిపించి, వినబడిన మాటలన్నీ కాగితం మీద రాయమన్నాను. సినిమా పాట పల్లవి గబగబా మొత్తం రాసేశాడు. సొంత పాట పల్లవిలో చెదురుమదురుగా నాలుగైదు మాటలు పట్టుకున్నాడు, అందులో రెండు తప్పు.

ఇక్కడితో ఆపితే సొంత పాటల్లో మాటలే క్లిష్టంగా ఉన్నాయని ఎవరైనా అంటారు. అందుకని అదే సినిమా పాటలో రెండో చరణం వినిపించాను. పల్లవి అందరికీ వచ్చు, మొదటి చరణం సగం మందికి వచ్చు, రెండో చరణం ఎవరికీ సరిగ్గా రాదు. నా అసిస్టెంట్ పెన్ను ఆగిపోయింది. అక్కడ కూడా నాలుగైదు మాటలే.

అంటే పల్లవి అతనికి వినబడి రాయలేదు, గుర్తుండి రాశాడు. సినిమా పాటకు వచ్చినవాళ్లు మాటల్ని ఇంటి దగ్గర నుంచే తెచ్చుకుంటారు. హాల్లో ట్యూన్ ఆనవాలు దొరికితే చాలు, మిగతాది వాళ్ల బుర్రే నింపుకుంటుంది. సొంత పాటకు ఆ సౌకర్యం లేదు. మొదటిసారి వినేవాడికి మాట అందకపోతే అది అరగంట నుంచి నడుస్తున్న హోరులో ఇంకో ముక్క, అంతే. ఫోన్ తీయక ఏం చేస్తాడు?

రెండోది మెయిన్స్, అంటే జనం కోసం పెట్టిన స్పీకర్లు, ఆపి చూడటం. మర్నాటి సౌండ్ చెక్‌లో బ్యాండ్‌ని ఒక పాట పూర్తి ఊపుతో వాయించమని, మధ్యలో మెయిన్ స్పీకర్లు మ్యూట్ చేశాను. హాల్ వెనక మీటర్ స్పీకర్లతో 100 డెసిబెల్స్ చూపించింది, లేకుండా 97. మూడే తేడా. శబ్దం లెక్కలో ఒకే బలమున్న రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే పెరిగేది 3 డెసిబెల్స్. అంటే స్పీకర్లు ఎంత మోగుతున్నాయో, స్టేజీ మీద డ్రమ్స్, గిటార్ యాంప్, మానిటర్లు (బ్యాండ్ తమను తాము వినడానికి పెట్టుకునే స్పీకర్లు) కలిసి వాటంతట అవే అంత మోగుతున్నాయి. స్పీకర్లలో మళ్లీ అన్నీ ఉన్నాయి, గొంతు అందులో ఒక భాగమే. ఇక ఆ గొంతుకు చోటెక్కడ?

మ్యూట్ చేసినప్పుడు గిటారిస్ట్ తలెత్తి "ఏమైంది?" అని కూడా అడగలేదు. అతనికి తేడా తెలియలేదు.

గొలుసు ఎలా పడిందంటే

అద్దాల మూలలో డ్రమ్స్ రెట్టింపు మోగుతాయి. లీడ్ గిటార్‌కి తన వాయిద్యం వినబడక యాంప్ పెంచుతాడు. ఆ యాంప్ నేల మీద ఉంది, అతని మోకాళ్ల వైపు చూస్తూ. కాబట్టి అతని చెవికి చేరేలోపు మొదటి టేబుల్ వాళ్ల చెవులు గింగుర్లెత్తుతాయి. పాడే అమ్మాయికి ఇద్దరి మధ్యలో తన గొంతే వినబడదు. రెండో పాటకల్లా సైగ మొదలవుతుంది, చెవి చూపించి వేలు పైకి. "అన్నా, నాకు నేనే వినబడ్తలేను, కొంచెం పెంచు." మానిటర్ పెంచితే మైకు కుయ్యిమంటుంది. కూత వచ్చేది ఎక్కువగా 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో. సౌండ్ కుర్రాడు ఆ స్లైడర్లు కిందికి లాగుతాడు. కూత ఆగుతుంది.

మాట ఉండేది కూడా అక్కడే. తెలుగు మాట చివర అచ్చు ఉంటుంది, దాని బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో. అది ఏ గదిలోనైనా మోగుతుంది. ఏ మాటో చెప్పేవి హల్లులు. వాటి స్పష్టత ఎక్కువగా ఆ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌లో, స, శ లాంటివైతే ఇంకా పైన. ఆ ముక్క కోసేస్తే పాట ఆ, ఈ, ఊ అంటూ సాగే రాగంగా మిగులుతుంది. పైగా మిగిలిన కాస్త చోటులోకి డ్రమ్ కిట్‌లోని సింబల్స్ (లోహపు పళ్లేలు), డిస్టార్షన్ గిటార్ వచ్చి కూర్చుంటాయి.

టేప్ వేసినవాణ్ని నేను తప్పుపట్టను. నిండిన హాల్లో మైకు కూస్తుంటే ఎవరైనా ముందు చేసేది అదే. అయితే ఒక రాత్రి గండం గడవడానికి చేసిన పని ఆ గదికి శాశ్వతమైపోయింది.

డ్రమ్మర్‌తో మొదలు

కొత్త స్పీకర్లు కొందామని గిటారిస్ట్ అన్నాడు. వద్దన్నాను. 97 డెసిబెల్స్ స్టేజీ మీద గొంతు తేల్చాలంటే హాల్‌ని 105 దాకా తీసుకెళ్లాలి. అక్కడ ఎవరూ రెండో బీర్ తాగరు, లేచిపోతారు. స్టేజీ తగ్గాలి. అంటే డ్రమ్స్ తగ్గాలి. చిన్న గదిలో మైకు పెట్టకుండానే అందరికంటే ఎక్కువ మోగేది అదే. మిగతావాళ్లంతా దాన్ని అందుకోవడానికి పరిగెడుతున్నవాళ్లే.

ఈ మాట డ్రమ్మర్‌కి చెప్పడం తేలిక కాదు. "మెల్లగా వాయించు" అంటే ఏ డ్రమ్మర్‌కైనా "వాయించకు" అన్నట్టే వినబడుతుంది. హాట్ రాడ్స్ ఇచ్చాను. సన్నటి పుల్లలు కట్టగా కట్టి చేసిన స్టిక్స్ అవి, దెబ్బ పదును తగ్గుతుంది. రెండు పాటలు వాయించి పక్కన పెట్టేశాడు. "చెయ్యి కట్టేసినట్టుందన్నా, రీబౌండ్ లేదు." నిజమే, ఉండదు. ఎలక్ట్రానిక్ కిట్ మాట గిటారిస్ట్ ఎత్తితే డ్రమ్మర్ ముఖం మాడిపోయింది. నాకూ అది ఇష్టం లేదు. మంచిది కొనాలంటే డబ్బు, చవకది కొంటే వాయించేవాడి చేతిలో ఉన్న విద్య సగం దాన్లోంచి బయటికి రాదు.

అతన్ని ఒప్పించింది అతని చెవులే. షో అయ్యాక రాత్రంతా చెవిలో గుయ్‌మంటుందని మాటల్లో చెప్పాడు, అదేదో మామూలే అన్నట్టు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క చూపించాను. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఇతను అంతకంటే ఎక్కువ మోతలో గంటన్నర కూర్చుంటున్నాడు, వారానికి రెండు రాత్రులు, తర్వాత పిల్లల క్లాసులు. చెవులతోనే బతికేవాడికి ఇంకేం చెప్పాలి.

తర్వాత చేసింది పరికరాల పని కాదు, సాధన. జామ్ రూమ్‌లో మైకులన్నీ తీసేయించాను. ఒకటే నియమం పెట్టాను, పాడే అమ్మాయి మైకు లేకుండా మామూలు గొంతుతో పాడితే గది అవతలి గోడ దగ్గర నిలబడ్డ నాకు మాట అర్థం కావాలి. అర్థం కాకపోతే చెయ్యెత్తుతాను, పాట మళ్లీ మొదటి నుంచి. మొదటి రోజు ఒక్క పాట కూడా చివరిదాకా వెళ్లలేదు. అందరికీ చిరాకు. కీబోర్డ్ అబ్బాయి "ఇది బ్యాండా, భజనా?" అని గొణిగాడు.

నేను బుర్రకథ గుర్తుచేశాను. కథకుడు మాట్లాడేటప్పుడు వంతలు ఇద్దరూ డక్కీ మీద వేళ్లు ఆనించి ఊరుకుంటారు, మాట ఆగిన చోట తందాన తాన అంటూ విరుచుకుపడతారు. మైకులు లేని రోజుల్లో ఊరంతటికీ కథ అలాగే చేరింది. వీళ్ల పాటల్లో అందరూ ఎప్పుడూ వాయిస్తూనే ఉన్నారు. గిటారిస్ట్ తన మంచి ఫ్రేజులన్నీ సరిగ్గా చరణం లైన్ల మీదే వేస్తున్నాడు. వాటిని లైనుకూ లైనుకూ మధ్య ఖాళీలోకి జరిపించాను. చరణంలో డ్రమ్మర్ రైడ్ సింబల్ వదిలి హైహ్యాట్ (పెడల్‌తో మూసే జంట సింబల్స్) మూసి వాయించాడు, పల్లవిలోకి వచ్చాక స్టిక్స్ మామూలుగా. ఆశ్చర్యమేమంటే పల్లవి ఇంతకుముందు కంటే పెద్దగా అనిపించింది. మీటర్ మీద తక్కువే. కింద చరణం చిన్నదైంది కాబట్టి పైన పల్లవి పెద్దదైంది.

కొన్ని వారాలకు హాట్ రాడ్స్ తనే అడిగి తీసుకున్నాడు, రెండు నెమ్మది పాటలకు. మిగతావాటికి స్టిక్సే, కానీ సన్నవి. స్నేర్ డ్రమ్ మీద మోత తగ్గించే జిగురు జెల్ ముక్క ఒకటి. పెద్ద క్రాష్ సింబల్ ఇంట్లో వదిలేసి వస్తాడు. షోలో కిట్‌ని మూలలోంచి లాగి అద్దానికి ముందు, స్టేజీ మధ్యలోకి తెచ్చాం. వెనక దట్టమైన కర్టెన్ ఒకటి వేలాడదీశాం. దాని వల్ల సింబల్స్ పదును కాస్త తగ్గింది, కింది మోతకు కర్టెన్ ఏమీ చేయదు. మేనేజర్ ఫొటోల గురించి గొణిగాడు, కర్టెన్ మీద లైట్ వేస్తే బాగుందని ఒప్పుకున్నాడు.

మిగతా మార్పులు

గిటార్ యాంప్‌ని స్టాండ్ మీదకు ఎక్కించి, వెనక్కి వాల్చి, అతని చెవి వైపు తిప్పాం. మరుక్షణం అతనే వాల్యూమ్ తగ్గించాడు. నేను ఒక్క మాట అనలేదు.

పాడే అమ్మాయి మైకు ష్యూర్ ఎస్‌ఎం58. 1966 నుంచి వస్తున్న మోడల్, ఎక్కడైనా దొరుకుతుంది, మార్చాల్సిన పనిలేదు. పట్టుకునే పద్ధతే మార్చాలి. జాలీ గుండు చుట్టూ చెయ్యి మూసి పట్టుకునేది, వీడియోల్లో చూసి వచ్చిన అలవాటు. అలా మూస్తే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించే గుణం పోయి మైకు అన్ని వైపులా వింటుంది, కూత ఖాయం. చెయ్యి కిందికి దించి, మైకు పెదాలకు దగ్గర చేయమన్నాను. దూరం సగానికి తగ్గితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, వెనకున్న డ్రమ్స్ అంతే ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు. దగ్గరయ్యాక గొంతు లావెక్కుతుంది కాబట్టి 120 హెర్ట్జ్ కింద కోసేశాను. మానిటర్ పక్కన ఉండేది, దాన్ని మైకుకు సరిగ్గా వెనక పెట్టాం, ఈ మైకుకు అతి తక్కువ వినబడేది అటే. ఇద్దరు కోరస్ పాడతారని రెండు మైకులు ఎప్పుడూ తెరిచి ఉండేవి, ఒకటి డ్రమ్స్ పక్కనే. అది పాడేది రెండు పాటల్లో, సింబల్స్ వినేది షో అంతా. తీసేశాం.

ఇయర్ మానిటర్లు, అంటే తమను తాము వినడానికి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, ఒక్కసారిగా కుదరలేదు. డ్రమ్మర్ కూర్చునే ఉంటాడు కాబట్టి వైరు ఉన్నదే ఇచ్చాం, చవకలో అయిపోయింది, మొదటి రోజే అలవాటుపడ్డాడు. పాడే అమ్మాయికి వైర్‌లెస్ పెడితే రెండో పాటకే ఒకటి పీకేసింది. "జనం వినబడట్లేదన్నా, బావిలో పాడినట్టుంది." ఒక చెవి మూసి ఒక చెవి తెరిస్తే మూసిన చెవిలో వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, అది ఇంకా చెడ్డది. జనం వైపు ఒక మైకు పెట్టి దాన్ని ఆమె చెవుల్లోకి మాత్రమే పంపాను. రెండూ పెట్టుకుని పాడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆఖరి పాటకు తీసేస్తుంది, నేనూ అడ్డు చెప్పను.

ఆఖరున బ్యాండ్ సొంతంగా ర్యాక్ మిక్సర్ కొనుక్కుంది, ట్యాబ్‌తో నడిపేది. సెట్టింగులన్నీ అందులోనే సేవ్ అయి ఉంటాయి. ఏ హాల్‌కి వెళ్లినా వాళ్ల సిస్టమ్‌కి ఎడమ, కుడి రెండు వైర్లు ఇస్తే చాలు, సౌండ్ చెక్ అరగంటలో అయిపోతుంది. దాంతో పాటు విడిగా ఒక వైఫై రూటర్ కొనిపించాను. మిక్సర్లలో లోపలే ఉండే వైఫైని, అది ఏ కంపెనీదైనా సరే, రెండు వందల ఫోన్లున్న హాల్లో నేను నమ్మను. టేప్ వేసిన ఆ ఈక్యూని బైపాస్ చేయడానికి మేనేజర్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

పాటల వరుస కూడా మారింది. ఇంతకుముందు రెండో సెట్‌లో, జనం ఊపు మీద ఉన్నప్పుడు, రెండు హిట్ల మధ్య సొంత పాట దూర్చేవారు. అది తెలివైన పనే అనిపిస్తుంది. కానీ ఆ టైమ్‌కి హాల్లో అందరూ అరిచి మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ మోత పెరిగేకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, మాటకు అది ఇంకో గోడ. ఇప్పుడు మొదటి సెట్‌లో మూడో పాటే సొంతది. పల్లవిని ముందు ఒట్టి గిటార్ మీద ఒకసారి పాడుతుంది, తర్వాత అందరూ అందుకుంటారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి వినేవాడికి అది తెలిసిన పల్లవి.

డబ్బుల సంగతి

ఇది రాయకపోతే కేసు సగమే. బ్రూవరీ ఇచ్చేది షోకి 25,000. ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ పట్టుకుని 22,500 వేస్తారు, అదీ నెల, నెలన్నరకు. నాకు 3,000. డ్రమ్స్‌తో కలిపి రానుపోను బండికి 1,800. జామ్ రూమ్ రెండు సిట్టింగులు, గంటకు 500 చొప్పున ఆరు గంటలకు 3,000. మిగిలేది 14,700. ఐదుగురికి తలా 2,940. షో, ప్రాక్టీసు, ప్రయాణం అన్నీ కలిపి గంటల లెక్క వేయొద్దని వాళ్లకు వాళ్లే ఒట్టు పెట్టుకున్నారు.

పరికరాలు ఎలా కొన్నారంటే, ఆరో వాటా పెట్టారు. 14,700ను ఆరుతో భాగిస్తే 2,450. ఆ ఆరోది బ్యాండ్‌ది. ఒక్కొక్కరూ వదులుకున్నది షోకి 490. ముందు ఇయర్ మానిటర్లు వచ్చాయి, తర్వాత మిక్సర్, సెకండ్‌హ్యాండ్‌లో. ఎవరి జేబులోంచీ పెద్ద మొత్తం తీయలేదు కాబట్టి ఎవరైనా వెళ్లిపోతే ఇది నాది, అది నీది అనే గొడవ రాదు. చిన్న బ్యాండ్లు విడిపోయేటప్పుడు పాటల కంటే ఎక్కువ కొట్టుకునేది స్పీకర్ల గురించే.

ఇంకో చిక్కు ఉండేది. డబ్బంతా కీబోర్డ్ అబ్బాయి ఖాతాకే వచ్చేది, అతని పాన్ మీద. ఏడాది చివర అతని 26ఏఎస్‌లో, అంటే పాన్ మీద పట్టుకున్న పన్ను చూపించే పత్రంలో, బ్యాండ్ సంపాదన మొత్తం అతని ఆదాయంగా కనబడింది. జీతంతో కలిపి పై స్లాబ్‌లో పడి, పంచేసిన డబ్బుకు కూడా పన్ను తనే కట్టాడు. ఇప్పుడు ఎవరి వాటాకు వాళ్లే బిల్లు ఇస్తున్నారు. వెన్యూ అకౌంటెంట్ విసుక్కున్నాడు, ఇస్తున్నాడు.

పాటల హక్కుల గురించి కూడా వాళ్లకు కొంచెమే తెలుసు. సినిమా పాటలు అక్కడ వాయించడానికి ఐపీఆర్‌ఎస్ (పాట రాసినవాళ్ల, ట్యూన్ కట్టినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) లైసెన్స్ చూసుకోవాల్సింది షో పెట్టే వెన్యూ, దాని మీద బ్యాండ్ సంతకాలు పెట్టక్కర్లేదు. సొంత పాటలకు మాటలు, ట్యూన్ వీళ్లవి. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక రాసినవాడికీ ట్యూన్ కట్టినవాడికీ రాయల్టీ హక్కు బలపడింది. బాస్ అబ్బాయిని ఐపీఆర్‌ఎస్‌లో సభ్యుడిగా చేరి పాటలు నమోదు చేయించమన్నాను. ఇప్పుడప్పుడే డబ్బు వస్తుందని కాదు, రేపు ఏదో వెబ్ సిరీస్‌వాడు పాట అడిగితే ఎవరిదో కాగితం ఉండాలని.

తర్వాత ఏమైంది

అదే గదిలో, అదే చోట మళ్లీ కొలిచాను. స్పీకర్లతో 98, మ్యూట్ చేస్తే 91. మొత్తం మోత తగ్గింది 2 డెసిబెల్సే, హాల్లో కూర్చున్నవాడికి షో చిన్నదైనట్టు అనిపించదు. కానీ స్టేజీ 6 తగ్గింది. స్పీకర్లు ఇప్పుడు స్టేజీ కంటే చాలా పైన ఉన్నాయి, గొంతును ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టొచ్చు. మ్యూట్ చేసినప్పుడు ఈసారి గిటారిస్ట్ వాయించడం ఆపేసి నా వైపు చూశాడు.

మాటల పరీక్షకు వేరే కుర్రాణ్ని పెట్టాను, పాత అసిస్టెంట్‌కి ఈపాటికి పాటలు వచ్చేశాయి. పల్లవి మొత్తం రాశాడు. చరణంలో సగానికి పైగా. ఒక లైన్ దగ్గర ప్రశ్న గుర్తు పెట్టాడు. ఆ లైన్ బాస్ అబ్బాయికి చూపిస్తే చాలాసేపు చూసి, అది పాడటానికే కష్టంగా ఉందని తనే మార్చాడు. ఇంకో రెండు పాటలు సెట్‌లోంచి తీసేశారు. మాట స్పష్టంగా వినబడ్డాక ఆ రెండూ అంత బాగాలేవని వాళ్లకే అర్థమైంది. సౌండ్ బాగుపడితే ఈ నష్టం కూడా ఉంటుంది.

ఫీజు పెరగలేదు. మేనేజర్ ఇప్పటికీ సినిమా పాటలే అడుగుతాడు. టేబుళ్లు ఖాళీ కావడం లేదు కాబట్టి సొంత పాటల లెక్క అడగడం మానేశాడు. బార్ దగ్గరికి లేచేవాళ్లు లేస్తూనే ఉంటారు, వాళ్లు బీర్ కోసం వచ్చినవాళ్లు. అయితే షో అయ్యాక ఒకరిద్దరు వచ్చి "ఆ మూడో పాట ఏ సినిమాలోది?" అని అడుగుతున్నారు. బాస్ అబ్బాయికి ఆ ప్రశ్న మీద ఇంకా విసుగు పుట్టలేదు.

హైదరాబాద్‌లో లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో, మనుషులు వినడానికే కూర్చునే చోట్ల, ఈ బ్యాండ్ ఇప్పుడు డ్రమ్ కిట్ లేకుండా కాహోన్‌తో, అంటే మీద కూర్చుని చేతులతో వాయించే చెక్క పెట్టెతో, వెళుతుంది. అక్కడ సెట్ మొత్తం సొంత పాటలే. డబ్బు తక్కువ, చాలాసార్లు ప్రవేశం ఉచితం. ఆ షోలకు నన్ను పిలవరు, అవసరమూ లేదు.

అద్దాల గదిలో మిగిలిన సమస్య కింది ఫ్రీక్వెన్సీల మోత. డీజే కోసం పెట్టిన సబ్‌వూఫర్లు స్టేజీ కిందే ఉన్నాయి. వాటి మోత చెక్క పలకల మీదుగా మైక్ స్టాండుల్లోకి ఎక్కుతోంది. సబ్‌కి విడిగా ఒక లైన్ ఇమ్మని అడిగాను, అప్పుడు కిక్ డ్రమ్, బాస్ గిటార్ మాత్రమే అందులోకి పంపి గొంతును దూరంగా ఉంచొచ్చు. న్యూ ఇయర్ సీజన్ అయ్యాక వైరింగ్ చూద్దామన్నాడు మేనేజర్. అప్పటిదాకా స్టాండుల కింద రబ్బరు ముక్కలు పెట్టి నెట్టుకొస్తున్నాం.